‘మన’ నక్షత్రాలు

“ఏమోయ్, మన పేపర్లో ఆ మూడో బొమ్మ ఏంటో ఒకసారి చెప్పు,” అని హాల్లోంచి మొగుడు కేకేసేసరికి ఆవిడ మాడిన గిన్నె తోముతోంది. మన అట! మాడిన గిన్నె నీది, పిల్లదాని జ్వరం నీది, అత్తగారి మోకాళ్లకి రాసే మందు నీది. రెండేళ్లు కళ్లు పోగొట్టుకుని ఆవిడ లెక్క తేల్చి రాసిన పరిశోధన పేపరు మాత్రం మనది. ఒళ్లు మండిపోయింది.

ఇద్దరిదీ ఒకే పరిశోధనశాల. ఆయనకి అద్దాల గది, ఆవిడకి ప్రింటరు పక్కన బల్ల. ఆవిడ చూసేవి నడుము దగ్గర ఉబ్బిపోయేంత జోరుగా తిరిగే నక్షత్రాలు. అవి తిరుగుతూనే అదురుతుంటాయి, అదిరినప్పుడల్లా వెలుగు కాస్త పెరిగి తగ్గుతుంది. మెల్లగా తిరిగేవాటిలో ఆ అదుర్లు ఒక వరసలో దొరుకుతాయి. వీటిలో మాత్రం అంతా కలగాపులగం, వరసా పాడూ లేదని అందరూ చేతులు దులుపుకున్నారు.

“పనికిమాలిన చిక్కుముడి ముందేసుక్కూర్చుంది. ఆ టైములో నా స్లైడ్లు చేసిపెట్టొచ్చుగా!” అని మీటింగులో నలుగురి ముందూ నవ్వాడాయన. నలుగురూ నవ్వారు. సిగ్గులేక ఆవిడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ తనని తనే లాగి ఒక్కటి కొట్టుకోవాలనిపిస్తుంది.

వరస ఉంది. అరవై నక్షత్రాల్లో చూసింది, అదురుకీ అదురుకీ మధ్య అదే ఎడం, మళ్లీ మళ్లీ. ఆ సంగతి ఆయనకి చెప్పింది. మర్నాటి నుంచి ‘మన’ మొదలైంది, పేపరు మీది పేర్లలో ఆయనది ముందుకొచ్చింది. ఈ పేపరు తనదని తేలితేనే ఆవిడ ఉద్యోగం పర్మనెంటవుతుంది, ఆ సంగతి ఆయనకీ తెలుసు.

“నా పేరు ముందుంటే నలుగురూ చదువుతారు. నీ మంచికేగా!”

“వాడి పక్కన నీ పేరుండటమే గొప్ప కదమ్మా,” అంది అత్తగారు, కాళ్లు చాపుకుని.

చేతులు తుడుచుకుని ఆవిడ కంప్యూటరు ముందుకొచ్చింది.

“పేపరుకి ఎవరెవరు ఏం చేశారో నింపి పంపమంటున్నారు పత్రికవాళ్లు. నాది కాస్త ఘనంగా రాయి, నేను స్నానం చేసొస్తా,” అని టవలు భుజాన వేసుకుని వెళ్లాడు.

ఆవిడ ఫారంలో తన పేరు పక్కనున్న గడి నింపింది. ఆయన గడిలో అబద్ధం రాయబుద్ధి కాక, వదిలేసి పంపబోయింది. ‘ఈ గడి ఖాళీగా ఉండకూడదు’ అని ఎర్రక్షరాలొచ్చాయి.

సరే, న్యాయంగానే ఆలోచిద్దామనుకుంది. లెక్కలు చేశాడా? లేదు. బొమ్మలు గీశాడా? లేదు. పోనీ తప్పులైనా దిద్దాడా? చదివితే కదా! ఎంత వెతికినా ఒక్క ముక్క దొరకలేదు.

ఆయన పేరు తీసేసింది. పేరుతో పాటు గడీ పోయింది. ఈసారి పంపితే వెళ్లింది.