వెనక సీట్లో మనిషి ఉండాలి

ఆదివారం వచ్చిందంటే నర్సమ్మా, వాళ్ళ మావయ్యా పాత కార్లు చూడ్డానికి బయల్దేరేవాళ్ళు. ఇళ్ళకెళ్ళి కట్లు మార్చి, ఇంజెక్షన్లు ఇచ్చి, విరిగిన కాళ్ళవాళ్ళని నడిపించడం ఆమె ఉద్యోగం. వచ్చే నెల నుంచి ఆమెకి కొండవీధులు అప్పజెప్పారు. బస్సు కొండ కింద దాకానే వెళ్తుంది. సొంత బండి లేకపోతే ఆఫీసులో కూర్చుని ఫోన్లు ఎత్తాలన్నారు. మనిషి చెయ్యి పట్టుకోకుండా రోజంతా ఫోను పట్టుకుని కూర్చోవడం తలుచుకుంటేనే ఆమెకి ఊపిరాడేది కాదు.

మావయ్య బస్ డిపోలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. అక్కడ ఆయన్ని వంకలాయన అనేవాళ్ళు. అత్తగారు పోయాక బయటికి వెళ్ళడం మానేసి, ముందుగదిలో కుర్చీ వేసుకుని ఇంట్లో ఉన్నవాటికే వంకలు పెడుతున్నాడు. ఫ్యాను కొట్టుకుంటోందనేవాడు. టీలో చక్కెర సరిగ్గా కరగలేదనేవాడు. కొడుకు దగ్గడం కూడా ఒక పద్ధతిలో లేదనేవాడు. కార్ల దగ్గరికి మాత్రం పిలవగానే వచ్చేవాడు. చేతిరుమాల్లో చుట్టిన అయస్కాంతాన్ని తలుపుల మీద నెమ్మదిగా జరిపేవాడు. అది జారిందంటే రంగు కింద సొట్టలు పూడ్చిన లప్పం ఉన్నట్టే. బంపరు మూల నొక్కి వదిలేవాడు. ఇంజను స్టార్ట్ చేయించి, వెనక వంగి పొగ రంగు చూసేవాడు. నీలంగా వస్తే ఇక ఆ బండి మొహం చూసేవాడు కాదు.

"పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని అడగరు మావయ్యా!" అంది ఆమె ఒకసారి.

"అడిగుంటే మావాణ్ణి చేసుకునేదానివా?" అన్నాడాయన.

ఆ ఆదివారం చూసిన కారు ఒక టాక్సీ ఆవిడది. చూపు తగ్గి నడపడం మానేసింది. కారు గోధుమరంగుది, ముసలిదే. అయినా అయస్కాంతం ఎక్కడా జారలేదు. పొగ తెల్లగా వచ్చి, వెంటనే ఆగిపోయింది. మ్యాట్లు ఎత్తి చూస్తే తుప్పు లేదు. మావయ్య చుట్టూ తిరిగి, కింద దూరి చూసి, బట్టలు దులుపుకుంటూ లేచాడు. ఆయనకి వంక దొరక్కపోవడం చూసి నర్సమ్మకి భయం వేసింది.

"అన్నయ్యగారూ, ఒక సంగతి ముందే చెప్పేస్తాను," అంది టాక్సీ ఆవిడ. "ఇది కొంచెం తేలుతుంది."

"ఎంత?" అన్నాడు మావయ్య.

"జానెడు. వేగం పెరిగితే ఇంకాస్త."

"మొదట్నుంచీ ఉందా, మధ్యలో వచ్చిందా?"

"మధ్యలోనేనండీ. ఒకమ్మాయి నొప్పులతో ఒక్కతే ఎక్కింది. ఆస్పత్రి ఇంకా రాకుండానే వెనక సీట్లో ఆడపిల్ల పుట్టేసింది. ఎక్కింది ఒకరు, దిగింది ఇద్దరు. ఆ రోజు నుంచి దీనికి ఒక మనిషి తక్కువ."

మావయ్య, రేడియేటరు కారుతోందంటే విన్నట్టే విన్నాడు. "పసిపిల్ల బరువెంతని? జానెడు తేలకూడదే."

"పిల్ల పెరిగింది కదండీ! మొన్ననే కాలేజీలో చేరింది."

"అయితే ఇక పెరగదులే," అని ఆయన తల ఊపాడు.

నర్సమ్మ స్టీరింగ్ పట్టుకుంది. పక్కన టాక్సీ ఆవిడ కూర్చుంది. వీధి దాటగానే కారు కింద చప్పుడు ఆగిపోయింది. దారిలో గుంటలున్నాయి గానీ ఒక్కటీ తెలియలేదు. స్టీరింగ్ నీళ్ళలో తిప్పినట్టుంది. హాయిగానే ఉందనుకునేలోపు మలుపు వచ్చింది. బ్రేకు తొక్కితే చక్రాలు ఆగాయి, కారు ఆగలేదు. అలా జారుతూ వెళ్ళి రొట్టెల దుకాణం అరుగు దగ్గర ఆగింది. దుకాణంవాడు తల కూడా ఎత్తకుండా, "వెనక ఎవర్నైనా కూర్చోబెట్టుకోమ్మా!" అన్నాడు.

తిరిగొచ్చి మావయ్యని వెనక కూర్చోబెట్టుకుంది. కారు నిట్టూర్చినట్టు నేలమీదకి దిగింది. ఈసారి బ్రేకు తొక్కిన చోటే ఆగింది.

"ఇసుక బస్తా వేస్తే?" అడిగాడు మావయ్య.

"వేసి చూశాను. బస్తాని ఒప్పుకోదు. మనిషే ఉండాలి, వెనకే ఉండాలి. కిరాయి ఉన్నంతసేపూ బంగారంలా నడిచేది. ఖాళీగా తిరిగొచ్చేప్పుడే ప్రాణం మీదకి వచ్చేది."

"ఇంజను మంచిది. కానీ వద్దమ్మాయ్," అన్నాడు మావయ్య. "రోజూ నీ వెనక కూర్చోడానికి మనిషిని ఎక్కణ్ణుంచి తెస్తావు?"

వద్దనుకుని వచ్చేశారు. మర్నాడు కొండవీధుల్లో తన రోగుల్ని ముందే ఒకసారి చూసొద్దామని, వాళ్ళకి కబురు పెట్టి నర్సమ్మ బస్సెక్కింది. కొండ కింద దిగి, మందుల సంచి భుజాన వేసుకుని ఎక్కడం మొదలుపెట్టింది. సగం ఇళ్ళు చూసేసరికే సాయంత్రమైంది. మిగతావాళ్ళు గుమ్మాల్లో దీపాలు వేసుకుని ఎదురుచూస్తూనే ఉన్నారు. మళ్ళీ వస్తానని కిందనుంచే చెయ్యూపి వచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి మావయ్య కుర్చీలో కూర్చుని ఫ్యాను వంకే చూస్తున్నాడు. ఆమె చెప్పులు విప్పి, గోడకి ఆనుకుని నేలమీదే కూలబడింది.

"మావయ్యా, మీరు వస్తారా?"

"ఎక్కడికి?"

"నాతో. రోజూ. వెనక సీట్లోకి."

"నన్ను ఇసుక బస్తా అనుకున్నావా?"

"బస్తాని ఒప్పుకోదుగా!"

ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. నవ్వొస్తే ఆయన అలాగే తిప్పుకుంటాడని అత్తగారు ఎప్పుడో చెప్పింది. "బ్రేకులు నేను దగ్గరుండి మెకానిక్‌కి చూపించాకే," అన్నాడు.

అలా కారు ఇంటికొచ్చింది. మొదట్లో ఆమె ఇళ్ళల్లోకి వెళ్తే ఆయన కారులోనే కూర్చునేవాడు. కూర్చుని కూర్చుని విసుగొచ్చి, ఒకరోజు లెక్కల టీచరమ్మ ఇంట్లోకి వచ్చాడు. ఆవిడ తుంటి విరిగి అతుక్కుంది. అతుక్కున్నా, పడిపోతానన్న భయంతో మంచం దిగడం లేదు. నర్సమ్మ బతిమాలి, బెదిరించి, అలిసిపోయి ఉంది.

మావయ్య ఆవిడ నడక స్టాండుని అటూ ఇటూ ఊపి చూశాడు. "ఒక కాలు పొట్టి. దీన్ని పట్టుకుంటే ఎవరైనా పడతారు." రబ్బరు తొడుగు సరిచేసి మళ్ళీ ఊపాడు. "ఇప్పుడు స్టాండుకేం లేదు. ఇక లోపం మనిషిలోనే."

"ఏమన్నారూ?" అంది టీచరమ్మ.

"ఉన్నమాటే. మీకు నిలబడ్డం రాదు అన్నాను."

నలభై మంది పిల్లల్ని చూపుతో కూర్చోబెట్టిన మనిషి ఆవిడ. మొహం ఎర్రబడిపోయింది. స్టాండు లాక్కుని లేచి నిలబడింది. "ఇప్పుడు చెప్పండి!"

"వీపు వంగింది," అన్నాడు మావయ్య.

ఆవిడ వీపు నిటారుగా పెట్టింది. ఆ తరవాత ఆయన రోజూ వెళ్ళడం, ఏదో ఒకటి అనడం, ఆవిడ కోపంతో నాలుగడుగులు ఎక్కువ వెయ్యడం అలవాటైపోయింది. మిగతా ఇళ్ళల్లో కూడా, "మావయ్యగారు కారులో ఉండిపోయారేం?" అని అడగడం మొదలుపెట్టారు.

వానలు పడేవేళకి ఆయనకి జ్వరం తగిలింది. నర్సమ్మ ఒక్కతే, కాలినడక వేగంతో, కారుని నేలకి అదిమిపెడుతున్నట్టు నడుపుకుంటూ వెళ్ళింది.

"ఆయనేరీ?" అంది టీచరమ్మ గుమ్మంలోనే.

"జ్వరమండీ."

"మరి నువ్వొక్కదానివే తేలుతూ వచ్చావా? ఆగు." ఆవిడ శాలువా కప్పుకుంది. స్టాండు ముందుకి జరుపుకుంటూ, మెట్టు మెట్టుకీ ఆగుతూ వీధిలోకి దిగింది. తుంటి విరిగాక ఆ మెట్లు దిగడం అదే మొదలు. వెనక తలుపు తీసుకుని కూర్చోగానే కారు కుదురుగా నేలని పట్టుకుంది. ఆ రోజు మిగిలిన ఇళ్ళన్నీ ఆవిడే వెంట ఉండి తిప్పింది.

ఆఖరికి టీచరమ్మ, నర్సమ్మ వాళ్ళింటి దాకా వచ్చింది. ముందుగదిలో దుప్పటి కప్పుకున్న మావయ్య గుమ్మంలో ఆవిణ్ణి చూసి లేవబోయాడు.

"మందు వేసుకున్నారా?" అంది టీచరమ్మ.

"చేదుగా ఉంది."

"మందుక్కూడా వంకేనా? వేసుకోండి!"

ఆయన వేసుకున్నాడు. నర్సమ్మ టీ పెట్టి తెచ్చేసరికి కిటికీ తెరవాలా, మూయాలా అని ఇద్దరూ వాదించుకుంటున్నారు. చీకటి పడుతుండగా ఆవిణ్ణి దింపడానికి నర్సమ్మ కారు తాళాలు తీసుకుంది. చూస్తే మావయ్య చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని, కారు పక్కన నిలబడి ఉన్నాడు.

"మీరెందుకు మావయ్యా? వెనక ఆవిడ ఉన్నారుగా."

"వచ్చేప్పుడో?" అన్నాడాయన.

ఇద్దరూ వెనక కూర్చున్నారు. బరువు ఎక్కువై కారు కొండదారిలో ఉన్న గుంటలన్నింటిలోనూ దబ్బుమని పడి లేస్తూ వెళ్ళింది. ఎన్ని కుదుపులు తగిలినా వెనకనుంచి ఒక్క వంకా వినిపించలేదు.