తిమ్మిరెక్కిన వేళ్ళు

బట్టల దుకాణం పెద్దాయన ఏనాడూ గుడ్డని కళ్ళతో కొనలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి నలిపి నూలెంతో కల్తీ ఎంతో తేల్చేసేవాడు. దుకాణానికి అసలు పెట్టుబడి ఆ రెండు వేళ్ళే. అవి ఉన్నంతకాలం సరుకు కొనే కుర్చీ భాగస్తుడైన బావమరిదికి దక్కదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

రెండేళ్ళ కిందట పెద్దాయన కడుపు కుదించే ఆపరేషన్ చేయించుకున్నాడు. ఒళ్ళు సగమైంది. విటమిన్ బిళ్ళలూ ఇంజెక్షన్లూ జీవితాంతం తప్పవని డాక్టరు చెబితే, కొన్నాళ్ళు విని మానేశాడు. సరుకు ఇల్లు చేరాక ఇంకా రవాణా కూలి ఏమిటన్నది ఆయన లెక్క. ముందు అరికాళ్ళు తిమ్మిరెక్కాయి. చెప్పులు బిగువన్నాడు. తర్వాత వేళ్ళు మొద్దుబారాయి. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఆ ఉదయం మిల్లు ఏజెంటు రెండు తానులు బల్లమీద పరిచాడు. పెద్దాయన నలిపాడు. రెండూ ఒకటే అనిపించాయి.

"ఇది మంచిది," అని కుడివైపు తాను ముందుకు జరిపాడు.

బావమరిది ఏజెంటుని టీకి పంపేశాడు.

"అది పాలిస్టర్ బావా. ముట్టుకుంటే జారిపోతోంది."

"నా వేళ్ళ సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"నీ చొక్కా గుండీలు అక్క పెడుతోందని విన్నప్పుడే. పోయినసారి సరుకంతా కల్తీదే కొన్నావు. నోరు మూసుకున్నా."

"ఎందుకు?"

"ఇంకోసారి మునిగితే నువ్వే కుర్చీ దిగుతావని. కానీ మునిగేది నా వాటా కూడా, అందుకే ఇవాళ చెబుతున్నా."

"ఇంటి మనిషివి కదరా."

"ఇంట్లో. ఇది దుకాణం."

పెద్దాయన తాను మీంచి చెయ్యి తీసేశాడు. "నిన్న డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చా. బి-ట్వెల్వ్ అడుగంటిందట. ఇంజెక్షన్లు మొదలెట్టారు. పోయిన స్పర్శ కొంత తిరిగొస్తుందట, కొంత రాదట. ఎంతన్నది ఆయనా చెప్పలేడట."

"అందాకా కుర్చీ నాకివ్వు."

"ఆ స్టూలు లాక్కుని కూర్చో. గుడ్డ నువ్వు ముట్టుకో, ఎలాంటిదో నాకు చెప్పు."

"అబద్ధం చెబితే?"

"చెప్పి చూడు. తిమ్మిరి వేళ్ళకే, కళ్ళకి కాదు. నీ మొహం ఎప్పుడు రంగు వెలుస్తుందో నాకు తెలుసు."

బావమరిది పళ్ళు కొరుకుతూ స్టూలు లాక్కున్నాడు. ఏజెంటు రాగానే రెండూ నలిపి ఎడమవైపు తాను చూపించాడు. పెద్దాయన తానువైపు చూడలేదు. బావమరిది మొహమే చూసి చూసి, సంతకానికి కలం తీశాడు. అది జారి కింద పడింది.

బావమరిది వంగలేదు. పెద్దాయనే వంగి, తడుముకుని అందుకున్నాడు.