గుమ్మం పైన పదకొండు కిలోలు

నేను ఒక బూడిద గుమ్మడికాయను. బరువు పదకొండు కిలోలు. చోడవరం దగ్గర ఒక పెంటదిబ్బ మీద పుట్టాను. మా తీగకు కాసిన మిగతా కాయలన్నీ వడియాలకు వెళ్లాయి. నన్ను మాత్రం పైల సింహాచలం అనకాపల్లి బజారులో కొని, అమావాస్య నాడు పసుపు రాసి, బొట్లు పెట్టి, తాడు ఉట్టిలో కూర్చోబెట్టి తన కొత్త ఇంటి గుమ్మం పైన వేలాడదీశాడు. ఊళ్లోవాళ్ల దిష్టి అంతా నేను పీల్చుకోవాలి. అనుభవం లేకపోయినా ఉద్యోగంలో చేరిపోయాను.

సింహాచలం వంశంలో మొదటి డిగ్రీ అతనిదే, మొదటి స్లాబు ఇల్లూ అతనిదే. గుమ్మం దిగితే రోడ్డే. మూడో రోజు గాలికి నేను ఊగుతుంటే చూసి అతనికి చెమటలు పట్టాయి. ఇది ఎవరి నెత్తినైనా పడితే వాళ్లు కోర్టుకెక్కుతారు. కోర్టు ఇల్లు అమ్మి కట్టమంటుంది. పద్దెనిమిదేళ్ల జీతం ఒక కాయ కింద పోతుంది.

భార్య గౌరి తమ్ముడు తాతాజీ ఇన్సూరెన్సు ఏజెంటు. అతన్ని పిలిపించారు. మన వల్ల బయటివాళ్లకు దెబ్బ తగిలితే కంపెనీ కట్టే పాలసీ ఒకటి ఉందట.

"ఎంతకు చేయించమంటావు బావా? అయిదు లక్షలా, పాతికా, కోటా?"

"ఎవరి మీద పడుతుందో తెలిస్తే కదా చెప్పేది," అన్నాడు సింహాచలం.

ఇద్దరూ గుమ్మానికి ఎదురుగా కుర్చీలు వేసుకుని, నా కింద నుంచి వెళ్లే ప్రతి తలకూ కాగితం మీద ధర కట్టారు. గ్యాసు బండలు మోసే అతనికి నాలుగు లక్షలు. భుజం మీద బండ ఉంటే కాయ దాని మీదే పడుతుంది కనక మూడు. రిటైరైన హెడ్మాస్టరుకు ఒకటి చాలనుకున్నారు, కొడుకు వకీలని గుర్తొచ్చి ఎనిమిది చేశారు. పాలు పోయడానికి వచ్చిన ఎర్రయ్యమ్మకు రెండు.

ఎర్రయ్యమ్మకు చదువు రాదు గాని చెవులు బాగా పనిచేస్తాయి.

"ఆ మేస్టరుకి ఎనిమిదీ, నా తలకాయకి రెండు లచ్చలేటి బాబూ? దీన్ని నమ్ముకుని అయిదు నోళ్లున్నాయి. ఆయనకున్నది ఒక్క నోరు, అందులో పళ్లు కూడా నేవు."

సింహాచలం సిగ్గుపడి ఆమెను పదికి పెంచాడు. మధ్యాహ్నానికల్లా వీధి వీధంతా తమ ధర కనుక్కోవడానికి వచ్చి సరిగ్గా నా కిందే నిలబడింది. లైనుమేనుకు తనకంటే ఎక్కువ కట్టారని టైలరు అలిగి అక్కడే కూర్చున్నాడు. నా తొడిమ మెత్తబడుతోందని వాళ్లకు చెప్పడానికి నాకు నోరు లేదు.

"ఈ కాయ పనిచేస్తే ఆపదే రాదు, ఇక ఇన్సూరెన్సు ఎందుకు? పనిచెయ్యకపోతే కాయ ఎందుకు?" అంది గౌరి.

సింహాచలం చదువుకున్నవాడు. చాలాసేపు ఆలోచించి, రెండూ ఉంచుదామన్నాడు. ఇల్లు నలభై లక్షలు చేస్తుంది కనక, ఇల్లు పోకుండా ఉండాలంటే యాభైకి తగ్గకూడదని సంతకం పెట్టేశాడు.

"రోజుకు నలభైసార్లు దీని కింద తిరిగేది నేను. నా మీద పడితేనో?" అంది గౌరి.

"ఇంట్లోవాళ్లకు వర్తించదక్కా," అన్నాడు తాతాజీ.

గౌరి స్టూలు తెచ్చుకుని, ఎక్కి, తాడు విప్పి నన్ను దించి మొగుడి చేతుల్లో పెట్టింది.

"పొద్దున్నే మూడు రోడ్ల కూడలిలో కొట్టేసి రా. వెనక్కి తిరిగి చూడకు."

మర్నాడు బావమరిది బండి వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్తే, సింహాచలం నన్ను నడిరోడ్డు మీద కొట్టాడు. గుజ్జూ గింజలూ తారు మీద పరుచుకున్నాయి. అతను నాలుగడుగులు వేశాడో లేదో, వెనక ఒక స్కూటరు జర్రున జారి, పడబోయి నిలదొక్కుకుంది. సింహాచలం వెనక్కి తిరిగాడు.

"వచ్చెయ్ బావా. రోడ్డు మీద పడ్డాక అది ఎవరిదీ కాదు."

"పాలసీ ఇక్కడికి వస్తుందా?"

"నువ్వే కొట్టావని ఎవడు చూశాడు? వచ్చెయ్."

అతను వెళ్లలేదు. నా ముక్కల ముందు చేతులు చాపి నిలబడి ఆటోలను ఇటు, బస్సులను అటు మళ్లించాడు. ఒక ఆటో అతను తల బయటకు పెట్టి, "గుమ్మడికాయకి కాపలా ఉంటే ఎంతిస్తన్నారేటి?" అని అడిగి పోయాడు.

తొమ్మిదిన్నరకు తాతాజీ, "ఆఫీసుకు టైమైపోతోంది బావా," అన్నాడు.

"ఊడ్చేదాకా ఇది నాదేరా."

మునిసిపాలిటీ ఆమె వచ్చి నన్ను పారతో ఎత్తి బండిలో వేసింది. అక్కడి నుంచి చూస్తే, సింహాచలం ఇంకా రోడ్డు మీద వంగి, పారకు అందని గింజలు ఏరుతున్నాడు.