తిట్టాలనుకుంటే మూడు నొక్కండి

"నువ్వు ఉద్యోగానికెళ్తే ఫోనెవరెత్తుతారమ్మా?" అన్నారు మామగారు, కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా.

గిన్నెలు తుడుస్తున్న కొత్త కోడలి చెయ్యి ఆగింది. ఆ ఇంట్లో కింద ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే షాపు, పైన కాపురం. షాపు ఫోను మాత్రం వంటింటి గోడకే ఉండేది. కింద మోతలో వినపడదని ఎప్పుడో పైకి మార్చారట. అప్పటినుంచీ అత్తగారే ఎత్తేవారు. పెళ్ళైన వారంలోనే ఆవిడ రిసీవరు కోడలి చేతికిచ్చి పాఠం చెప్పారు: "మెకానిక్ ఏడీ అంటే బయల్దేరాడను. ఎక్కడినుంచో చెప్పకు." ఆ మెకానిక్, అంటే ఈమె మొగుడు, అప్పుడు పక్కగదిలో టీ తాగుతున్నాడు. ఆమెకి నవ్వాగలేదు. ఆ రోజుల్లో ఆమెకి అన్నీ ముచ్చటే, అతను చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నా సరే.

ముచ్చట కానివి ఆ ఫోన్లో వచ్చే తిట్లు. పాలు విరిగిపోయాయని, పసిపిల్ల ఉక్కకి గుక్కపెట్టి ఏడుస్తోందని, మీకసలు సిగ్గుందా అని. "సారీ అండీ" అంటూనే పొయ్యి మీదిది కలియబెట్టేది. మొగుడితో చెప్పుకుంటే, తిట్టేది నిన్ను కాదులే, షాపుని, అని బుగ్గ గిల్లేవాడు. షాపుని తిడితే తన చెవులెందుకు మండుతాయో అతనికి తట్టేది కాదు.

పై సోమవారం చేరకపోతే ఆమెకొచ్చిన ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు. అటక మీది పాత కంప్యూటర్ దించి దులిపింది. ఎవరెవరో ఎక్కడెక్కడో కూర్చుని రాసి, కావలసినవాళ్ళు వాడుకోండి, విప్పి మార్చుకోండి అని ఉచితంగా వదిలేసిన, ఫోనెత్తి జవాబు చెప్పే సాఫ్ట్‌వేర్ ఎక్కించింది. ఒక చిన్న డబ్బాతో ఫోను తీగని దానికి కలిపింది. కొత్త రిపేరుకి ఒకటి నొక్కినా, పాత రిపేరు సంగతికి రెండు నొక్కినా ముందు అది నమస్కారం దగ్గరికే తిప్పి పంపింది. ప్రోగ్రాంలో ఒక వరుస చోటు మార్చాక దారికొచ్చింది. గొంతు మొగుడిదే. ఫ్యాను చప్పుడు పడకుండా అతని తల బీరువాలో తన చీరల మధ్య దూర్చి చదివించింది. కంప్యూటర్ "నమస్కారమండీ" అనగానే అతని చేతులు పట్టుకుని గిరగిరా తిరిగింది.

తీరా మొదటిరోజు ఫోన్ చేసినవాళ్ళందరూ ఆ గొంతు వినగానే పెట్టేశారు. మనిషికి మనిషే కావాలమ్మా అన్నారు మామగారు. ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుని, పెట్టేసేముందు వాళ్ళేమంటున్నారో మధ్యాహ్నమంతా వింది. అందరిదీ ఒకటే వరస. ముందు కడుపారా తిట్టాలి, తర్వాతే అడ్రసు చెప్పాలి. మిషన్లో తిట్టడానికి చోటు లేదు. వాళ్ళకి కావలసింది మనిషి కాదు, తిట్లు పడే మనిషి.

సాయంత్రం మొగుడి తల మళ్ళీ చీరల్లోకి వెళ్ళింది.

"తిట్టాలనుకుంటే మూడు నొక్కండి," అని చదివి పకపకా నవ్వాడు. "ఇంతకీ మూడు నొక్కితే ఎక్కడికెళ్తుంది?"

"చేరాల్సిన చోటికే," అంది.

మర్నాటినుంచి అతని సెల్లు ఊపిరి తీసుకోలేదు. ఏసీకి గ్యాసు నింపుతూ సారీ, మెట్లెక్కుతూ సారీ. ఒకావిడ ఫ్రిజ్ బాగానే ఉన్నా పాత బాకీ కింద తిట్టి పెట్టేసిందట. వారం చివరికి అతను టీ చల్లారకముందే బండి తీస్తున్నాడు. మూడు నొక్కేవాళ్ళు తగ్గారు. ఒకటి నొక్కేవాళ్ళు పెరిగారు.

అయినా ఆదివారం భోజనాల దగ్గర మామగారు కంచంలో చెయ్యి ఆపి, "మిషను బానే ఉంది. ఆ మూడు మాత్రం తీసెయ్యమ్మా. ఆ ఒక్కటీ ఇంట్లో ఆడవాళ్ళు ఎత్తుకోవచ్చు. మగాడు పనే చేసుకుంటాడా, తిట్లే తింటాడా?" అన్నారు. మొగుడు అన్నం కలుపుకుంటూనే ఉన్నాడు. రేపే సోమవారం.

అత్తగారు గరిట కింద పెట్టారు. "ఉండనివ్వండి. ఇన్నేళ్ళూ ఆ మూడు నేనే."

గొంతు పెంచలేదావిడ. మొగుడు అమ్మ వైపు చూశాడు, మొదటిసారి చూస్తున్నట్టు. తర్వాత పెళ్ళాం వైపు. "తీయొద్దు," అన్నాడు మెల్లిగా. "అది నా నంబరే."

సోమవారం కోడలు బ్యాగు తగిలించుకుని గుమ్మం దాటేసరికి వెనకే చెప్పుల చప్పుడు. ఎక్కడికి అత్తయ్యా అంటే, "ఎక్కడికీ కాదే. ఫోను మోగే వేళప్పుడు ఈ వీధి ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూళ్ళేదు," అంటూ అత్తగారు ముందు నడిచారు.