పై నాలుగో వంతు

"దాని తల కోసేస్తారేమోనే," అన్నాను. అన్నాక నాలిక కరుచుకున్నాను. పోయిన పిల్ల గురించి అలాంటి మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో.

మా పెద్దది చెప్పులు తొడుక్కుంటోంది. "కొయ్యరమ్మా. ఆ టేపు నా చేతికే వచ్చింది. చూసుకుంటాను," అంది తల ఎత్తకుండా.

అది టీవీ ఆఫీసులో పనిచేస్తుంది. పాత కార్యక్రమాల బొమ్మ ఇంచుమించు చదరం, ఇప్పటి టీవీలు వెడల్పు. ఉన్నదున్నట్టు వేస్తే అటూ ఇటూ నల్లపట్టీలు మిగులుతాయి. అవి చూసి జనం టీవీ పాడైందని ఫోన్లు చేస్తారట. సాగదీస్తే మనుషులు ఉబ్బిపోతారు. మా ఆయన రిమోటుతో అదే పని చేసి, "చూడవే, ముద్ద పెట్టకుండానే వార్తలాయన్ని బలిపించాను," అంటుంటారు. అందుకని పట్టీలూ వద్దు, సాగదీతా వద్దు, పైనా కిందా కోసి తెర నింపండని పై అధికారి చెప్పాడట. బొమ్మలో నాలుగో వంతు పోతుంది. పైన ఎంత కొయ్యాలి, కింద ఎంత కొయ్యాలి అన్నది మాత్రం కుర్చీలో కూర్చున్నవాళ్ళ ఇష్టం. బొమ్మ మారినప్పుడల్లా జరుపుకుంటూ పోవాలి. చోటు చాలదని, పని కాగానే పాత టేపుల్ని చెరిపేస్తారు. ఇక కోసిందే మిగులుతుంది. నేను చదివింది ఎనిమిదో తరగతి అయినా, పటాలు కట్టేవాడు ఫోటో అంచులు కోస్తుంటే పక్కన నిలబడి బెంగపడ్డదాన్ని. ఆ మాత్రం అర్థమైంది.

ఆ టేపులో మా చిన్నది ఉంది. పదకొండేళ్ళకే తాడిలా ఎదిగింది. అక్క దాన్ని కొక్కిరాయీ అని పిలిచేది. పిల్లల కార్యక్రమంలో పాడటానికి బడివాళ్ళు తీసుకెళ్తే, పొడుగని వెనక వరసలో బల్ల మీద నిలబెట్టారు. మూడు నెలలు తిరక్కుండా జ్వరంతో పోయింది. పన్నెండేళ్ళయింది. మేం ఇంట్లో రికార్డు చేసుకున్న క్యాసెట్టు బూజు పట్టింది. ఫోటోలున్నాయి, కానీ వాటిలో అది పాడదు. పాడేటప్పుడు కనుబొమలు ఎలా లేచేవో నాకు సరిగ్గా గుర్తుకు రావడం మానేసింది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

ఇన్నేళ్ళలో పెద్దది చెల్లెలి ఊసు ఎత్తలేదు. మేం ఎత్తితే లేచి వెళ్ళిపోయేది.

ఆ వారమంతా దాన్ని పీక్కుతిన్నాను. "ఒక కాపీ తెచ్చిపెట్టవే."

"గేటు దగ్గర సంచులు చూస్తారమ్మా."

"వెనక వరస బాగా పైకి ఉంటుంది. పనిలో పడి మరిచిపోతావేమో."

"పోనీ నువ్వెళ్ళి నా కుర్చీలో కూర్చో, నేను వంట చేస్తాను."

"వద్దే తల్లీ," అన్నారు మా ఆయన. "మీ అమ్మ ఎవర్నీ కొయ్యనివ్వదు. నెల తిరిగేసరికి మీ ఆఫీసుకి తాళం పడుతుంది."

శుక్రవారం వచ్చి, "అయిపోయింది. ఆదివారం పదింటికి వేస్తారు," అంది. బాగా వచ్చిందా అంటే స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఆదివారం కరెంటు పోతుందేమోనని ఒకటి, గడియారం తప్పేమోనని ఒకటి, తెల్లారకముందే మొదలైంది నా బెంగ. మా ఆయన రెండుసార్లు టీవీ తుడిచారు. పెద్దది వంటగది గడప మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది.

పదింటికి కార్యక్రమం మొదలైంది. కథలు చెప్పే ఆవిడ నేల మీద కూర్చుని ఉంది. చుట్టూ పిల్లలు, ముందు ఆటబొమ్మలు. ఏదీ తెగలేదు. నా మనసు కుదుటపడింది. తర్వాత పాట వచ్చింది.

ముందు వరస పిల్లలు చక్కగా కనిపిస్తున్నారు. వెనక వరసలో మెడలున్నాయి. మెడల కింద ఆరు తెల్లగౌన్లు. నోళ్ళు లేవు, పాట మాత్రం వినిపిస్తోంది. మూడోది మాది. పుల్లల్లాంటి ఆ మోచేతులు నాకు తెలియవా. భయమేసినప్పుడల్లా చేసినట్టే వేలితో గౌను అంచు చుడుతోంది. నేను తెర అంచు దాటి పైన గోడ మీదికి చూశాను, ముఖం అక్కడుంటుందన్నట్టు.

పాట అయిపోయింది. మా ఆయన టీవీ కట్టేసి వీధి అరుగు మీదికి వెళ్ళిపోయారు.

"నీ చేతికే వచ్చిందన్నావు కదే," అన్నాను. "ఎందుకిలా చేశావు?"

అది ఒలుస్తూనే ఉంది. గింజలు తొక్కల్లో పడుతున్నాయి, తొక్కలు గిన్నెలో పడుతున్నాయి.

సోమవారం నేను దానితో మాట్లాడలేదు. ఈపాటికి పాత టేపు చెరిపేసి ఉంటారని నాకు తెలుసు, దానికీ తెలుసు. మంగళవారం అది ఆఫీసు నుంచి వచ్చే బస్సు అరగంట ఆలస్యమైంది. ఆ అరగంటలో దాన్ని ఎన్ని చోట్ల ఎన్ని రకాలుగా పోగొట్టుకున్నానో చెప్పలేను. లేనిదాని కోసం ఉన్నదాన్ని దూరం చేసుకుంటున్నానా అనిపించింది. అది గుమ్మంలోకి వచ్చాక మంచినీళ్ళిచ్చాను. ఇంకేమీ అడగలేదు.

బుధవారం సాయంత్రం ఇద్దరం ఆరిన బట్టలు మడతపెడుతున్నాం. దుప్పటి రెండు కొసలు నా చేతిలో, రెండు కొసలు దాని చేతిలో. మధ్యకి మడిచాం. నేను ముందుకి వచ్చాను, అది కదల్లేదు.

"కథల ఆవిడ కింద కూర్చుందని పైన నాలుగో వంతూ కోసేట్టు పెట్టానమ్మా," అంది. "పాట రాగానే పైకి జరపాలి. పిల్లలు బల్ల ఎక్కుతున్న చప్పుడు వినిపించింది. అది కూడా ఎక్కుతూ ఉంటుందని లేచి బయటికొచ్చేశాను. మెట్ల మీద కూర్చున్నాను. తిరిగి వెళ్ళేసరికి పాటంతా అదే కోతతో అయిపోయింది. వెనక్కి తిప్పి చూసుకునే ధైర్యం లేక, అయిపోయిందని సంతకం పెట్టేశాను."

దుప్పటి కొసలు ఇంకా పట్టుకునే ఉంది.

"నేను చూడలేకమ్మా. నేను చూడలేక, నీకూ లేకుండా చేశాను."