జిగురు పట్టని ఎర్ర ఇసుక

రత్తయ్య మేస్త్రి ఆ కాగితాన్ని బస్సు తలుపు మీద రెండుసార్లు రుద్దాడు. ఇసుకంతా నేల మీదికి రాలింది. చేతిలో ఉత్త కాగితం మిగిలింది.

"రావుగారూ, ఇది ఉప్పు కాగితం కాదండీ. ఇంటికి ఉత్తరం రాసుకోండి, పనికొస్తుంది."

షెడ్డులో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ ఇసుక మాది.

ఉప్పెన వచ్చి వెళ్ళిన రెండో వేసవి అది. విజయవాడ ఆటోనగర్‌లో బస్సులకు బాడీలు కట్టే షెడ్డుల వాళ్ళు రంగు వేసేముందు చెక్కనూ రేకునూ ఉప్పు కాగితంతో రుద్దుతారు. ఆ వీధిలోనే వీరభద్రరావుగారు గాజుపొడితో ఆ కాగితం చేసి అమ్మేవారు. గాజు తొందరగా మొద్దుబారుతుంది. మా పల్లె ఒడ్డున, పోటు వెనక్కి పోయినచోట, చారలు చారలుగా పడే ఎర్ర ఇసుక అలా కాదు. విరిగినకొద్దీ దానికి కొత్త అంచు వస్తుంది. సర్వేకు వచ్చిన ఆఫీసరు దాని పేరు గార్నెట్ అని చెప్పి, జీపెక్కి పోయాడు. కొనేవాడెవడో ఆయన చెప్పలేదు. షెడ్డు షెడ్డుకూ తిరిగి కొనేవాణ్ణి నేనే వెతికాను.

ఆ ఇసుక తీసుకునే లీజు మా మత్స్యకారుల సొసైటీకి వచ్చింది. ఎర్రదానితో కలిసి పడే నల్ల ఇసుక గవర్నమెంటుది, అమ్మకూడదు. ఆడవాళ్ళు చేటలతో చెరిగి, పాత లౌడ్‌స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతంతో నల్లదాన్ని లాగి ఒడ్డునే పోసేసేవారు. ఉప్పెన తర్వాత మా పల్లెలో పడవ దొరికినవాళ్ళు కొందరే. మిగతావాళ్ళు ఎవరో పెట్టింది తిన్నారు. ఈ సరుకు నిలబడితే ఆ తిండి మానేయవచ్చు. నాకు కావలసింది అదే.

వీరభద్రరావుగారు నన్ను బయటికి తీసుకెళ్ళారు.

"పెద్దబ్బాయిగారూ, జిగురు మంచిదేనండీ. మీ ఇసుకే పట్టట్లేదు. నా మాట మీద ఇన్ని షెడ్ల వాళ్ళు ఆగారు. వచ్చే వారం మంచి కాగితం చూపించకపోతే మళ్ళీ గాజుపొడే. ఆ తర్వాత మీ ఇసుక పేరెత్తితే నన్ను తంతారు."

"ఇస్తాను."

"ఏం చేసి ఇస్తారండీ?"

"అది నేను చూసుకుంటాను."

ఆయన దగ్గర మిగిలిన మా ఇసుక మూట విప్పి గుప్పెడు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఎండుచేప వాసన. ఏం జరిగిందో అర్థమైంది.

మా పల్లెలో వాననీరు నిలవని మెరక ఒకటే ఉంది. మా అత్త అంకాలమ్మ దాని మీద చేపలు ఎండబెడుతుంది. ఇసుకనూ అక్కడే ఆరబోయించింది. చేపల నూనె ఇసుకకు పట్టింది.

ఆ మెరక అంటేనే నాకు పడదు. ఉప్పెన రోజు గాలి లేస్తుంటే నా భార్య కొండలమ్మ ఇంట్లోనే ఉంది. చేపలు తడిసిపోతాయి రమ్మని వాళ్ళమ్మ కేకేసింది. వెళ్ళింది. గంపలతోపాటు కొట్టుకుపోయింది. అత్త తాటిచెట్టు పట్టుకుని బతికింది. ఆ రోజు నుంచి ఆమెతో నేను మాట్లాడలేదు.

బస్టాండులో బండి దగ్గర వేరుశెనక్కాయలు కొన్నాను. బండివాడు వాటిని వేడి ఇసుకలో వేయిస్తున్నాడు. మూకుడు అంచున చల్లారిన ఇసుక తీసి వేళ్ళ మధ్య నలిపాను. పొడిగా ఉంది. రోజంతా నూనెగింజలు వేగిన ఇసుక అది. నిప్పు మీద నూనె నిలవలేదు. బస్సెక్కాను.

ఉప్పెనప్పుడు గంజి కేంద్రం పెట్టినవాళ్ళు వదిలేసి వెళ్ళిన ఇనప మూకుళ్ళు సొసైటీ షెడ్డులో బోర్లించి ఉన్నాయి. వాటిని మెరక మీదికి మోయించాను. అత్త నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. నేను ఆమె కొడుకు సూరయ్య వైపు తిరిగాను.

"సూరయ్యా, ఇసుకకు చేపనూనె పట్టిందని మీ అమ్మకు చెప్పు."

ఆమె మూరెడు దూరంలోనే ఉంది.

"సూరయ్యా, చేప కంపు పడనోడు చేపలోళ్ళలో ఎందుకు పుట్టాడో మీ బావనడుగు."

"దీన్ని వేయించాలని చెప్పు."

"వేయించి, ఉప్పూ కారం కూడా చల్లమంటాడేమో అడుగు."

"నేనేమన్నా పోస్టాఫీసునా? మీ ఇద్దరికీ నోళ్ళు లేవా?" అని సూరయ్య కట్టెలు తెస్తానని పోయాడు. సరుగుడు కట్టెలు పడేసి మళ్ళీ మా మధ్యకు రాలేదు.

పొయ్యిలు అంటించాం. మొదటి మూకుడు అత్తే పట్టింది. పడవ తెడ్డుతో ఇసుకను అడుగు నుంచి తిరగేసింది. నల్లటి పొగ లేచింది. ఎండుచేపలు కాల్చిన వాసన ఊరంతా పాకింది. ఎక్కడెక్కడి కుక్కలో వచ్చి మూకుళ్ళ చుట్టూ కూర్చున్నాయి. ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు.

వాసన తగ్గింది. అత్త మసిగుడ్డలు తీసుకుని మూకుడు దించబోయింది. ఇసుక మీద సన్నటి పొగ ఇంకా ఆడుతోంది. ఆ మూకుడు అలా దిగితే మళ్ళీ రాలిపోయే కాగితమే. సూరయ్య కోసం చూశాను. లేడు.

"దించకు అత్తా! పొగ పోలేదు."

ఆడవాళ్ళు చెరగడం ఆపారు. అత్త మసిగుడ్డలు కింద పెట్టింది. మళ్ళీ తెడ్డు అందుకుంది.

"అట్టాగే, అల్లుడా," అంది.

ఆమె కళ్ళు తుడుచుకుంది. పొగకి అన్నారు పక్కనున్నవాళ్ళు. నేను అటు చూడలేదు, ఇసుకనే చూశాను. పొగ పూర్తిగా పోయాక దించమన్నాను. చల్లారిన ఇసుక మునుపటికంటే ఎర్రగా ఉంది. పిడికిట్లో పట్టి వదిలితే గింజ కూడా అరచేతికి అంటలేదు.

వారం తిరక్కముందే ఆటోనగర్‌లో ఉన్నాను. వీరభద్రరావుగారు కాగితం చేయించారు. రత్తయ్య మేస్త్రి దాన్ని తలుపు మీద కసితీరా రుద్దాడు. పాత రంగు పొడిపొడిగా రాలింది. చివరికి కాగితం చిరిగింది గానీ ఇసుక ఊడలేదు.

"రావుగారూ, ఇక దీని మీద ఉత్తరాలు రాయలేమండీ," అన్నాడు మేస్త్రి.

వీరభద్రరావుగారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. "లారీ పంపిస్తానండీ. ఆటోనగరే కాదు, బందరు రోడ్డులో ఫర్నిచర్ షాపులన్నిటికీ మనదే వేద్దాం."

"ముందు ఆ గాజు దంచే మిషను అమ్మేయండి."

"అదేంటండీ, ఒక మూల పడుంటుంది కదా?"

"అది మూలన ఉంటే, మా ఇసుక రావడం ఒక్కరోజు ఆలస్యమైనా మీ చెయ్యి దాని మీదికి పోతుంది. అమ్మేస్తేనే ఇసుక."

ఆయన కాసేపు గొణిగారు. నేను కదల్లేదు. అమ్మేశారు.

నేను ఊరు చేరేసరికి మెరక మీద ఒక్క చేప లేదు. చేపల్ని అత్త పందిళ్ళు వేయించి తాళ్ళ మీద ఆరేయించింది. మెరకంతా ఊడ్పించి ఎర్ర ఇసుక పరిపించింది. ఎవరూ చెప్పలేదు ఆమెకు.

"తీసుకున్నారా?" అని నన్నే అడిగింది.

"తీసుకున్నారు. లారీ వస్తుంది. మూకుళ్ళు పొయ్యిల మీదికి ఎక్కించు."

"అల్లుడా, ఆ రోజు కొండలమ్మని నేను..."

"ఆ మాట ఎత్తకు."

ఆగిపోయింది. అది నేను క్షమించలేదు, క్షమించను. ఇసుక గురించి ఎంతసేపైనా మాట్లాడతాను.

ఆమె తెడ్డు అందుకుంది. "కట్టెలు పచ్చిగా ఉన్నయ్యి. ఎండినవి పంపించు," అంది.

పంపించాను.