రాతిగుడి మోసిన ఆడవాళ్లు

"వాళ్లకు కారం పడదు, కొంచెం తక్కువెయ్యి" అని అశోక్ మూడోసారి వచ్చి చెప్పిపోయేసరికి స్వప్న వంకాయలకు గాట్లు పెడుతోంది. ఐదింటికి లేచింది. ఇరవైమందికి ఉగ్గాని, బజ్జీలు అయిపోయాయి. ఇప్పుడు మధ్యాహ్నానికి జొన్నరొట్టెలు, గుత్తివంకాయ, కోడికూర. నడుమ రెండుసార్లు లోపలి గదిలోకి పోయి, తుంటి విరిగి మంచంలో ఉన్న అత్తను పక్కకు తిప్పి, ఒళ్లు తుడిచి, గంజి పట్టి వచ్చింది. అది ఎవరూ పని అనుకోరు. ఆమె కూడా ఈమధ్య అనుకోవడం మానేసింది.

వాళ్ల ఊరు ఎర్రదిన్నె, ఆదోని నుంచి హొళగుంద పోయే దారిలో ఉంటుంది. ఊరి చివర మిషన్ కాంపౌండు, అందులో ఒకప్పుడు దొరలు కట్టించిన రాతిగుడి. ఊళ్లో ఎవరూ దాన్ని చర్చి అనరు, గుడి అనే అంటారు. పై కప్పు నాలుగేళ్లుగా కారుతోంది. ఆ రోజు పాత మిషన్లు చూసే యాత్రికులు పదహారుమంది విదేశాల నుంచి వస్తున్నారు. వాళ్లకు నచ్చితే కప్పు బాగవుతుందని కమిటీ ఆశ. కమిటీ సెక్రటరీ అశోక్. ఆదోనిలో ఇంగ్లీషు మాస్టారు కాబట్టి గుడంతా తిప్పి చూపించి చరిత్ర చెప్పేది కూడా అతనే.

ఆ చరిత్ర రాసింది మాత్రం స్వప్న.

ఆమె చదివింది చరిత్రే. పెళ్లయ్యాక కూడా ఆదోనిలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పింది. అత్త బాత్రూంలో జారిపడ్డ వారం అశోక్, "ఇంట్లో ఒకరుండాల గదా" అన్నాడు. ఆ ఒకరు ఎవరని ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. మరుసటి సోమవారం కాలేజీ బస్సు ఆమె లేకుండా పోయింది. అత్త నిద్రపోయే మధ్యాహ్నాల్లో ఏం చేయాలో తోచక గుడి వెనక గదిలోని ఇనప్పెట్టె తెరిచింది. చెదలు తిన్న పాత రిజిస్టర్లు, దొరల ఉత్తరాలు. నాలుగేళ్లు వాటితోనే కూర్చుంది. ఎవరైనా ఇంటికొస్తే అశోక్ నవ్వుతూ, "మా ఇంటామెకు కాగితాలేరే పిచ్చి" అనేవాడు. యాత్రికులు వస్తున్నారని తెలిశాక మాత్రం, "నీ కాగితాలన్నీ ఒక వరసలో ఇంగ్లీషులో రాసియ్యి, నాకు టైం ల్యా" అన్నాడు. ఆమె నలభై పేజీలు రాసింది. అతను ఎర్రపెన్నుతో రెండు స్పెల్లింగులు దిద్దాడు. అందులో ఒకటి ఆమె రాసిందే సరైనది. అయినా ఊరుకుంది. పెళ్లయిన కొత్తలో ఒకసారి నలుగురి ముందు ఆమె ఇంగ్లీషులో మాట్లాడితే, "నీ ఇంగ్లీషు కాగితం మీద బాగుంటాది, నోట్లోకి తేవాకు" అని అందరితో కలిసి నవ్వాడు. అప్పటి నుంచి ఎంత కష్టమైన ఇంగ్లీషైనా చదువుతుంది గాని, నోరు తెరిస్తే మాట గొంతులోనే ఆగిపోతుంది.

ఆ నలభైలో నాలుగు పేజీలు అతను కొట్టేశాడు.

అవి మద్దమ్మ చెప్పిన సంగతులు. ఎనభై ఏడేళ్ల మద్దమ్మ కాంపౌండు వెనక గుడిసెలో ఒక్కతే ఉంటుంది. సుమారు నూట యాభై ఏళ్ల కిందటి ధాత కరువులో తిండి లేక జనం రాలిపోతుంటే దొరలు గుడి పని మొదలుపెట్టారు. మగవాళ్లు చాలామంది అప్పటికే వలసపోయారు. రాళ్లు మోసింది, గానుగ సున్నం దంచింది ఆడవాళ్లు. రోజంతా మోస్తే సాయంత్రం కొంగులో ఇన్ని జొన్నలు. ఒక రోజు వాకిలి కమాను కింద కట్టిన కర్రల సారువ విరిగి ఐదుగురు రాళ్ల కింద పడి చచ్చిపోయారు. రిజిస్టరులో ఆ తేదీ దగ్గర "ప్రమాదం, స్త్రీ కూలీలు ఐదుగురు" అని ఒక్క ముక్క ఉంది. దాని కింది వరసలోనే దొర గుర్రానికి జబ్బు చేసిన సంగతి పేజీన్నర ఉంది, గుర్రం పేరుతో సహా. ఆ ఐదుగురి పేర్లు మద్దమ్మ నోట్లో ఉన్నాయి. అందులో ఒకామె సుంకులమ్మ, బాలింత. నీడలో జోలెలో పడుకోబెట్టిన ఆమె పసిబిడ్డ బతికింది. ఆ పసిబిడ్డే మద్దమ్మకు అవ్వ.

"ఇవెందుకు? వాళ్లు దొరల చరిత్ర ఇందామని వస్తాండారు. కూలోళ్లు సచ్చింది సెప్తే గుడికే మచ్చ" అన్నాడు అశోక్.

స్వప్న వాదించలేదు. వాదిస్తే ఏమవుతుందో పదకొండేళ్ల కాపురంలో తెలిసింది. అతను అరవడు, చెయ్యెత్తడు. రెండు రోజులు మాట్లాడడు. అంతే. ఆ రెండు రోజులూ ఇల్లంతా ఆమె వల్లే మూగబోయినట్టు అత్త దగ్గర్నుంచి పిల్లల దాకా ఆమె మొహమే చూస్తారు.

పదకొండు గంటలకు బస్సు వచ్చింది. ఎమ్మిగనూరు నేత శాలువాలు కప్పారు, ఫొటోలు తీసుకున్నారు. మజ్జిగ గ్లాసుల పళ్లెం పట్టుకుని స్వప్న గుంపు వెనకాలే నడిచింది. ముందు అశోక్ గొంతు. ఆమె వాక్యాలే. ఎక్కడ కామా పెట్టిందో అక్కడే అతను ఊపిరి తీసుకుంటున్నాడు. ఒక ఉత్తరంలో సగం చెదలు తిన్న మాటను వారం రోజులు తల బద్దలు కొట్టుకుని ఇదీ అని తేల్చింది. ఆ మాట దగ్గర అతను ఆగి, "దీన్ని కనిపెట్టడానికి నాకు చాలా కాలం పట్టింది" అన్నాడు. అందరూ మెచ్చుకోలుగా తలలూపారు.

వాకిలి కమాను దగ్గర మద్దమ్మ కూర్చుని ఉంది. రావద్దని అశోక్ కబురు పంపినా వచ్చింది. ఉతికిన తెల్లచీర కట్టుకుని, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింటోంది. ఆమెకు వినపడదు. వినపడినా ఇంగ్లీషు రాదు.

గుంపులో తెరెసా అని ఒక పెద్దావిడ ఉంది. నెరిసిన జడ, చామనచాయ. ఆమె కమానును తడిమి చూసి, ఈ రాళ్లు ఎవరు మోశారు అని అడిగింది.

"లోకల్ కూలీలు" అన్నాడు అశోక్.

తెరెసా తల అడ్డంగా ఊపింది. మాది కాలిఫోర్నియా, మేం అక్కడి ఆదివాసులం అంది. ఒకప్పుడు స్పెయిన్ పాదిరీలు మా వాళ్ల నేల మీద మిషన్లు కట్టించారు. ఇటుకలు పోసింది మా వాళ్లే. పెళ్లికాని ఆడపిల్లలను రాత్రయితే ఒకే గదిలో పెట్టి బయట తాళం వేసేవాళ్లు. ఇప్పుడు అక్కడ యాత్రికులను తిప్పి చూపించే పని నాదే. పాదిరీల పేర్లన్నీ గోడల మీద ఉన్నాయి. మా ముత్తవ్వల పేర్లు ఎంత వెతికినా కొన్నే దొరికాయి. అందుకే అడుగుతున్నాను, వీళ్ల పేర్లు ఎవరికైనా తెలుసా?

పక్కనున్న కమిటీ పెద్ద, "ఏమంటాండాది?" అని అడిగాడు.

"వాళ్ల ఊర్లో గూడా ఇట్లాంటి గుళ్లున్నాయంట" అన్నాడు అశోక్.

స్వప్నకు ప్రతి మాటా అర్థమైంది. పళ్లెం మెట్టు మీద పెట్టింది. ఇంగ్లీషు వాక్యం ఒకటి నాలుక దాకా వచ్చి ఆగిపోయింది. పోనీ, తెలుగులోనే అనుకుంది. ముందుకొచ్చి కమాను వైపు చెయ్యి చూపించి అంది. "ఈడ ఐదుమంది సచ్చిపోయినారమ్మా. హులిగెమ్మ, మారెక్క, తిప్పమ్మ, నరసమ్మ, బాలింత సుంకులమ్మ. ఈ అవ్వ ఆ సుంకులమ్మ మనవరాలి బిడ్డ."

తెరెసా ఆమె మొహం చూసి, అశోక్ వైపు తిరిగి, ఏమంటోంది అంది.

అశోక్ నవ్వాడు. ఆ నవ్వు స్వప్నకు బాగా తెలుసు. ఇంగ్లీషులో అన్నాడు, "నా భార్య. భోజనం సిద్ధంగా ఉందంటోంది. వంటలన్నీ తనే చేసింది, మీకోసం పేరు పేరునా చెబుతోంది."

గుంపంతా చప్పట్లు కొట్టింది. తెరెసా దగ్గరికొచ్చి స్వప్న రెండు చేతులూ పట్టుకుని, నీ చేతులకు దండం తల్లీ, ఇంత శ్రమ ఎందుకు పడ్డావు అంది. కాదు అనడానికి ఒక్క ఇంగ్లీషు మాట చాలు. ఆ మాట చిన్నపిల్లలకూ వచ్చు. స్వప్న పెదవులు కదిలాయి. తెరెసా చేతుల మధ్య తన చేతులు ఉల్లిగడ్డల వాసన వేస్తున్నాయని మాత్రం తెలిసింది. ఈలోగా అశోక్ అందరినీ భోజనాలకు నడిపించాడు.

మద్దమ్మ ఆమె కొంగు పట్టి లాగింది. "సెప్పినావా బిడ్డా? మా వాళ్ల పేర్లు సెప్పినావా?"

"సెప్పినానవ్వా" అని ఆమె చెవి దగ్గర గట్టిగా అంది స్వప్న.

"ఏమన్నారు?"

"సప్పట్లు కొట్టినారు."

మద్దమ్మ మొహమంతా ముడతలు విచ్చుకున్నాయి. "ఇన్నేండ్లకు" అని, కమాను రాయికి తల ఆనించి కళ్లు మూసుకుంది.

ఆ చలికాలంలో మద్దమ్మ పోయింది. మర్నాడు ఊళ్లో ఎవరి పనిలో వాళ్లు పడ్డారు. కప్పు బాగుచేసే పని మొదలైంది. చరిత్ర పుస్తకం అచ్చయి వచ్చింది. అట్ట మీద అశోక్ పేరు, లోపల "ఓపికతో సహకరించిన నా శ్రీమతికి" అని ఒక వాక్యం. అత్త దాన్ని పిల్లల చేత చదివించుకుని, "ఎంత అదృష్టవంతురాలివే, మా కాలంలో మొగుళ్లు ఇట్ల రాసినారా?" అంది.

ఎండాకాలం మొదట్లో తెరెసా నుంచి ఉత్తరం వచ్చింది. పుస్తకం చదివానని, ఆ రోజు తను అడిగిన ప్రశ్నకు అందులో జవాబు దొరకలేదని రాసింది. ఆ కూలీల పేర్లు దొరికితే కమాను పక్కన శిల వేయించే ఏర్పాటు తాను చేస్తానంది.

స్వప్న అత్త పక్కదుప్పటి పిండుతుండగా అశోక్ ఆ ఉత్తరం పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. "ఇదిగో, నువ్వప్పుడేదో రాసినావే, ఆడోళ్ల పేర్లు. ఆ పేజీలు యాడ పెట్టినావు? నేను కమిటీ తరపున శిల ఏయిస్తాను."

ఆమె దుప్పటి పిండుతూనే ఉంది. పేజీలు అక్కర్లేదు, పేర్లు నోటికొచ్చు. ఇప్పుడు లోకంలో అవి గుర్తున్నది తనొక్కతికే. చెబితే శిల వేస్తారు. ఐదు పేర్ల కింద, సేకరించినవాడిగా ఆరో పేరు అతనిది ఉంటుంది. దాని ముందు శాలువా కప్పుకుని ఫొటో దిగుతాడు. చెప్పకపోతే ఎవరూ ఉండరు. బాలింత సుంకులమ్మ ఉండదు. తన ఉక్రోషానికి చచ్చినవాళ్లను ఇంకోసారి చంపడం ఏం న్యాయం అని మనసు ఒకవైపు అరుస్తోంది. వాళ్లు తనకేం చేశారు? మరి తన చేతిలో ఇంకేముంది? పదకొండేళ్లలో అతనికి ఇవ్వనంటే అతనికి దొరకని వస్తువు ఇదొక్కటే.

"ఆ పేజీలు ల్యావు. పేర్లూ గుర్తుల్యావు" అంది.

అతను ఆమె మొహం కూడా చూడలేదు. "నేననుకుంటానే ఉండాను. కూలోళ్ల పేర్లు ఎవరు పెట్టుకుంటారులే" అని లోపలికి వెళ్లిపోయాడు. కాసేపటికి, పేర్లు లేవని తెరెసాకు రాస్తున్న జవాబును అత్తకు చదివి వినిపించడం కిటికీలోంచి వినబడింది.

స్వప్న దుప్పటి చేతుల్లోనే పట్టుకుని నిలబడిపోయింది. నిజమా అని ఇంకొక్కసారి అడిగి ఉంటే ఐదు పేర్లూ చెప్పేసేది.